అటక మీద ఆదివారం

అటక నేల మీది పాత పెయింటు గీకేద్దామని పొద్దున్న ఆరున్నరకే ఉప్పు కాగితం మెషీన్ ఆన్ చేశాను. ఎండ ముదిరాక పెంకుల కింద మనిషన్నవాడు నిలబడలేడు. దాన్ని అటక అంటాం గానీ నిజానికి అది గదే, నిటారుగా నడవొచ్చు. నేలంతా టేకు బల్లలు. గోదావరిలో తెప్పలుగా రాజమండ్రి దాకా, అక్కణ్ణుంచి కాలవ పడవల్లో మా ఊరి దాకా వచ్చిన కలప అని తాతయ్య చెప్పేవారు. అలాంటి చెక్క మీద ఎప్పుడో ఎవరో చాక్లెట్ రంగు పెయింటు పులిమారు. ఎవరో నాకు తెలుసు, పోయినవాళ్ళని ఇప్పుడేం అంటాం.

మేకుల తలలు లోపలికి దిగ్గొట్టాకే మెషీన్ పెట్టమని వడ్రంగి బాబాయి నిన్ననే చెప్పాడు. రెండు చూసుకోలేదు. రెండు ఉప్పు కాగితాలు పర్రున చిరిగాయి. మిగతా పెయింటు 60 నంబరు గరుకు కాగితంతో లేపి, ఇంకా సన్నటి 80, 120 పట్టించేసరికి తేనె రంగు బయటపడింది. మేకుల చుట్టూ మాత్రం నల్లటి వలయాలు. 1996 నవంబరు తుపాను రాత్రి పెంకులు లేచిపోయి అటకంతా నీళ్ళే. తడికి ఇనుమూ టేకూ కలిస్తే అలా నల్లబడుతుంది. ఆగ్జాలిక్ యాసిడ్ నీళ్ళతో తుడిస్తే కొంత పోయింది.

ఈలోగా కింద నుంచి కేక. “ఏవే, నీ పొట్టు నా పప్పులో పడుతోంది!”

బల్లల మధ్య సందులున్నాయని మర్చిపోయాను. నా నేలే అమ్మకి కప్పు కదా. పాత చీరలు రెండు కింద దూలాలకి అడ్డంగా కట్టి మళ్ళీ మొదలెట్టాను. ఆ సందులు పొట్టూ ఫెవికాలూ కలిపి పూడ్చేద్దామంటే బాబాయి ఒప్పుకోలేదు. “ఇప్పుడు రూపాయి బిళ్ళ దూరుద్దండి. శ్రావణంలో చూడండి, పోస్టు కార్డు కూడా దూరదు.” వానలకి చెక్క ఉబ్బుతుంది. దానికి చోటుండాలి.

అసలు తిప్పలు ఈశాన్యం మూల. అక్కడ కురిడీ నిలవ చేసేవాళ్ళు. ఒలవని కాయలు ఏడాది దాకా కదపకుండా ఉంచితే నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, ఊపితే గలగలమంటుంది. మా చిన్నప్పుడు ఊపి చూసే పని నాదే. పగిలినవీ ముక్కినవీ ఆ మూలకి తోసేసేవాళ్ళం. వాటి నూనె బల్లల్లోకి ఇంకిపోయింది. అక్కడ కాగితం నాలుగు రుద్దులకే జిడ్డు కట్టింది. థిన్నరుతో మూడుసార్లు తుడిచాను, మూడుసార్లూ గుడ్డ పచ్చబడింది.

“అక్కడ పాలిష్ పట్టదండి అమ్మాయిగారూ, పొరలా లేచిపోద్ది,” అన్నాడు బాబాయి. నిజమే, కొబ్బరి నూనె ఎన్నేళ్ళైనా ఆరదు. దాంతో ఒక్క మూల కోసం అటకంతటికీ అవిసె నూనే అని తేల్చుకున్నాం. అది గాలి తగిలి గట్టిపడుతుంది. పైగా ఎక్కడ గీత పడితే అక్కడే మళ్ళీ రాసుకోవచ్చు. సాయంత్రానికి పల్చగా ఒక పూత అయింది. ఆ మూల కాస్త ముదురుగానే ఉంది, ఉండనీ.

కిందికి దిగేసరికి గుండె ఆగినంత పనైంది. నూనె తుడిచిన గుడ్డలన్నీ అమ్మ ఉండ చుట్టి గ్యాసు బండ పక్కన పెట్టింది, ఎందుకైనా పనికొస్తాయని. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండ చుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకోవచ్చు. అన్నీ తీసి నీళ్ళ బకెట్లో ముంచి దొడ్లో పెట్టాను.

“పొయ్యి కట్టేశానే.”

“పొయ్యి అక్కర్లేదమ్మా.”

అమ్మ నమ్మలేదు. రాత్రి మెలకువొచ్చి చూస్తే దొడ్లో లైటు వెలుగుతోంది. అమ్మ బకెట్లో చెయ్యి పెట్టి నీళ్ళు వేడెక్కాయేమోనని చూస్తోంది.