చేత్తో చూసే బొమ్మలు
మా బాబాయికి పదేళ్లుగా చూపు లేదు. మొన్న మా ఊళ్లో ఓ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తే, శిల్పం మీద చెయ్యి వేశాడో లేదో గార్డు పరిగెత్తుకొచ్చి 'ముట్టుకోవద్దు సార్' అన్నాడు, ఇక నేను పక్కన నిలబడి క్రికెట్ కామెంటరీలా చెబుతూ పోయాను, అరగంటకే ఇద్దరికీ విసుగొచ్చింది. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో పెట్టిన 'అనుభవ్' గ్యాలరీలో అయితే తడిమి చూడ్డానికే చేయించిన నకళ్లు, బ్రెయిలీలో వివరాలు, ఆడియో గైడ్ కూడా. పోయినేడాది అక్కడ ఓ విగ్రహం మెడ దగ్గర వేళ్లు ఆపేసి, 'ఒరేయ్, లోపలి వరస పూసలు చిన్నవిరా' అన్నాడు. నేను గమనించనే లేదు (ఫొటోలు తీస్తున్నాలెండి). ఇదంతా మొన్న ఇక్కడి విజిటర్స్ బుక్‌లో రాసొచ్చా. సంతకం మాత్రం బాబాయే పెట్టాడు, పేజీ దాటి టేబుల్ మీదకి కూడా పోయింది.