కళ్లు మూసుకుని బొమ్మ చూస్తే ఆల్ఫాకి ఏమవుతుంది: ఈఈజీ తీయడంలో నా అనుభవం

ఈఈజీ అంటే తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా తీయడం. కళ్లు మూసుకుని బొమ్మ ఊహించుకుంటే వాటిలో ఆల్ఫా అనే తరంగం తగ్గుతుందా అన్నదే నేను చూసేది. వచ్చేవాళ్లకి ముందు రోజే చెబుతాను: షాంపూతో తలంటుకుని రండి, నూనె మాత్రం రాయొద్దు. కొబ్బరినూనె ఉన్న తల మీద ఎలక్ట్రోడ్లు అతికించే పేస్టు పట్టదు. 5 కిలోఓమ్‌ల కిందికి దిగాల్సిన ఇంపీడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య విద్యుత్‌కి ఉండే అడ్డు) 30 దగ్గర మొరాయిస్తుంది. ఇక పాయ తీసి, స్పిరిట్ దూదితో చర్మం తుడిచి, మళ్లీ పెట్టాలి.

చూపుకి సంబంధించిన చోటు తల వెనక ఉంటుంది. ముక్కు మొదట్లో గుంట నుంచి వెనక ఎముక బుడిపె దాకా టేపుతో కొలుస్తాను. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, అందులో పదో వంతు, అంటే బుడిపెకి 3.6 సెంటీమీటర్ల పైన ఓజెడ్ అనే ఎలక్ట్రోడ్. దానికి అటూ ఇటూ ఓ1, ఓ2. కంటి పక్కన ఇంకోటి పెట్టాలి. ఊహించుకునేటప్పుడు మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదులుతూనే ఉంటాయి.

ఫ్యాను, ఛార్జరు నడుస్తుంటే గీతలో కరెంటు తాలూకు 50 హెర్ట్‌జ్ రొద. మే నెలలో ఫ్యాను ఆపితే చెమట. చెమట పడితే గీత మెల్లగా పైకీ కిందికీ తేలుతుంది. గది ముందే చల్లబరిచి, లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపడమే మందు.

మొదట 2 నిమిషాలు కళ్లు తెరిచి, 2 నిమిషాలు మూసి. మూయగానే 8-13 హెర్ట్‌జ్ ఆల్ఫా లేవాలి, తెరవగానే పడాలి. మనిషి ఈఈజీని మొదట తీసిన హాన్స్ బెర్గర్ 1929 నుంచి ప్రకటిస్తూ వచ్చిన సంగతే ఇది. 1943లో గోల్లా, హటన్, గ్రే వాల్టర్ అనే పరిశోధకులు దీన్ని పట్టుకుని మనుషుల్ని మూడు రకాలు చేశారు: ఆల్ఫా అంతగా లేనివాళ్లు బొమ్మల్లో ఆలోచిస్తారట, కళ్లు తెరిచినా ఆల్ఫా పోనివాళ్లకి బొమ్మలు రావట, మిగతావాళ్లు మధ్యన. ముచ్చటైన లెక్కే గానీ, దాన్ని చూసి నేను ఎవరికీ ముద్ర వేయను. కళ్లు మూసినా ఆల్ఫా పలచగా ఉండేవాళ్లున్నారు. వాళ్లలో తగ్గడానికి మిగిలిందేమిటి?

అసలు పని ఇది. “మీ ఇంటి గడప తలుచుకోండి. పసుపు ఎక్కడ చెరిగింది?” 10 సెకన్లు ఊహ, 10 సెకన్లు విశ్రాంతి, ఇలా 20 సార్లు, ప్రతిసారీ వేరే బొమ్మ. మధ్యమధ్య 100 నుంచి ఏడేడు తీసేయమంటాను. బొమ్మ లేకపోయినా బుర్రకి శ్రమ పడితే ఆల్ఫా తగ్గొచ్చు కాబట్టి, పోలిక విశ్రాంతితో ఒక్కదానితోనే సరిపోదు.

నన్ను ఎక్కువసార్లు మోసం చేసింది కునుకు. భోజనం చేసి రెండింటికి కూర్చున్న మనిషిలో ఆల్ఫా జారిపోతే “ఎంత చక్కగా ఊహిస్తున్నాడో” అనిపిస్తుంది. 4-7 హెర్ట్‌జ్ తీటా అనే మెల్లని తరంగం పెరిగి, కనుగుడ్లు మెల్లగా దొర్లుతుంటే అది నిద్రమత్తే. ఆ ముక్క తీసేస్తాను.

చివర్లో ఊహ ఎంత స్పష్టమో అడిగే డేవిడ్ మార్క్స్ 1973 ప్రశ్నావళి, 16 ప్రశ్నలు, 1 నుంచి 5 మార్కులు. అసలు రూపంలో 1 అంటే కళ్లెదుట ఉన్నంత స్పష్టం. తర్వాతి రూపాల్లో తిరగేశారు. ఏది వాడారో రాసుకోకపోతే ఫలితం తలకిందులవుతుంది. తెలుగులో అడిగేటప్పుడు ఇంకో చిక్కు: “కనిపిస్తోంది” అంటారు, తరచి అడిగితే “అంటే, గుర్తుందండీ” అంటారు. అందుకే ప్రతి జవాబు పక్కన రెండు గళ్లు గీశాను, కనిపించింది ఒకటి, గుర్తుంది ఒకటి.