యెజ్డీ సైలెన్సర్ నట్టు, ఐదు రోజులు

నాన్నగారి యెజ్డీ మోటార్‌సైకిలు పన్నెండేళ్లుగా కాకినాడ ఇంటి వెనక వసారాలో గోనెపట్టా కప్పుకుని ఉంది. 1979 రోడ్‌కింగ్ మోడల్, మైసూరు ఐడియల్ జావా కంపెనీ బండి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇక దీన్ని లేపాల్సిందే అనుకుని పానాలు ముందేసుకుని కూర్చున్నా.

ఫుట్‌రెస్ట్ బోల్టులు, చెయిన్ కవరు అన్నీ గంటలో వచ్చేశాయి. అసలు కథ సైలెన్సర్ దగ్గర. యెజ్డీకి సిలిండర్ ఒకటే గానీ సైలెన్సర్లు రెండు, అంటే సిలిండర్‌కి బెండు పైపుని పట్టుకునే రింగు నట్లు కూడా రెండు. కుడిది సి స్పానర్ (నట్టు గాడిలో కొక్కెంలా పట్టుకునే వంకర పానా) తగిలించి సుత్తితో నాలుగు దెబ్బలేస్తే తిరిగింది. ఎడమది కదల్లేదు, పైగా ఎప్పుడో ఎవరో ఉలి పెట్టి కొట్టినట్టున్నారు, నట్టు గాడులు రెండు చితికిపోయి స్పానర్‌కి పట్టే లేదు. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుద్దండీ, అసలు ఇనుము కంటే ఎక్కువ జాగా తీసుకుంటది, అందుకే మరల మధ్య మేకు దిగ్గొట్టినట్టు పట్టేస్తది. దానికి సముద్రపు గాలిలో ఉప్పు, సైలెన్సర్ మసి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఆ స్థితిలో బలం పెడితే నట్టు విరుగుద్ది, లేదంటే సిలిండర్ మర పోద్ది, అప్పుడు లేత్ వర్కే గతి.

మా వీధి చివర షెడ్డు బాబాయ్ వచ్చి చూసి "అబ్బాయ్, దాంతో కుస్తీ పట్టకు, నానబెట్టు" అన్నాడు. గేరు ఆయిలు (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఎర్రది), అసిటోన్ సగం సగం కలిపి పొద్దున, రాత్రి నాలుగేసి చుక్కలు మర దగ్గర వేశా. అసిటోన్ పెయింటుని తినేస్తది, ట్యాంకు మీద పడకుండా చూసుకోండి. వేసిన ప్రతిసారీ నట్టు చుట్టూ ఇత్తడి ముక్క ఆనించి చిన్న సుత్తితో టకటకా కొట్టా, గట్టిగా కాదు, ఆ అదురుకి తుప్పు పగిలి ఆయిలు లోపలికి దారి తీసుకుంటది. మూడు రోజులు ఇదే పని, అమ్మ కూడా విసుక్కుంది.

నాలుగో రోజు ట్యాంకు తీసి దూరంగా పెట్టి, ఆయిలంతా శుభ్రంగా తుడిచి, బ్లో ల్యాంపుతో నట్టు ఒక్కదాన్నే కాల్చా. నట్టు వేడికి పెద్దదవుద్ది, లోపలి పోర్టు (సిలిండర్ నుంచి పొగ బయటికొచ్చే మూతి) ఇంకా చల్లగానే ఉంటది, ఆ సందే మనకి కావాల్సింది. కాస్త చల్లారాక కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరలోకి పీల్చుకుపోవడం కంటికి కనపడింది, అయినా ఆ రోజు రాలేదు.

ఐదో రోజు మళ్లీ కాల్చి, బాగున్న గాడికి స్పానర్ తగిలించి ముందు బిగించే వైపుకి ఒక్క దెబ్బ వేశా. టిక్ మంది. విరిగిందేమో అని గుండె జారింది. విప్పే వైపు తిప్పితే వెంట్రుకవాసి కదిలింది, వెంటనే వెనక్కి, మళ్లీ ముందుకి, ఇంకొంచెం ఆయిలు, అలా ఇరవై నిమిషాలకి ఎర్రటి పొడి రాల్చుకుంటూ చేతిలోకి వచ్చింది.

కిరసనాయిల్లో కడిగి వైర్ బ్రష్ కొడితే లోపల మరలు ఒక్క చుట్టు కూడా పోలేదు. కొత్తది దొరుకుద్ది గానీ ఇది నాన్నగారు వాడిన నట్టు, చితికిన గాడుల్ని ఆకురాయితో సాపు చేసి దీన్నే పెడతా, ఈసారి మళ్లీ పట్టేయకుండా మరకి కాపర్ గ్రీజు రాసి.