బ్లాక్ ఐలాండ్ రాళ్ళ మీద గాలం వేట: నా అనుభవం

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రపు దక్షిణ తీరానికి సుమారు 9 మైళ్ళ దూరంలో, అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న బ్లాక్ ఐలాండ్‌కు శరత్కాలం చివర్లో వెళ్ళి, ఒడ్డున నిలబడి స్ట్రైప్డ్ బాస్ చేపకు గాలం వేయాలన్న కోరిక, కనెక్టికట్‌లో స్థిరపడిన నాకు చాలాకాలంగా ఉండేది. వేసవిని న్యూ ఇంగ్లండ్ తీరంలో గడిపే ఈ చేపలు నీళ్ళు చల్లబడటం మొదలయ్యాక గుంపులుగా దక్షిణానికి సాగిపోతాయి. ఆ దారిలో ఈ దీవి ఉంది, దాని చుట్టూ వాటికి ఇష్టమైన శాండ్ ఈల్ అనే సన్నని చిన్న చేపలూ ఉంటాయి. ఇంత మాత్రం తెలుసుకోవడం తేలికే. ఏర్పాట్లకు కూర్చున్న తరువాతే, చేపల గురించి ఆలోచించవలసింది తక్కువనీ, గాలి గురించీ కెరటాల గురించీ ఆలోచించవలసింది ఎక్కువనీ నాకు బోధపడింది.

ముందుగా తేదీలు. పెద్ద బాస్ చేపలు ఒడ్డుకు దగ్గరగా మేతకు వచ్చేది ఎక్కువగా చీకటి పడ్డాకే. అందులోనూ వెన్నెల లేని రాత్రులను ఇక్కడి వేటగాళ్ళు బాగా ఇష్టపడతారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తరువాత ఒకటి రెండు రోజులూ ఆటుపోట్ల ప్రవాహం బలంగా ఉంటుంది. అష్టమి నాటికి మందగిస్తుంది. పంచాంగం తెరిచి చూస్తే, దీవిలో వేట మంచి జోరు మీద ఉండే కాలంలోనే దీపావళి అమావాస్య కూడా వస్తోంది. పండుగనాడు ఇల్లు వదిలి రాళ్ళ మీద నిలబడతానని చెప్పే ధైర్యం నాకు లేదు కనుక, పండుగ మరునాడు బయలుదేరాలని నిశ్చయించుకున్నాను. దానికి మా ఆవిడ ఒప్పుకుంది గానీ, "కార్తీకం వచ్చేస్తుందండీ, ఇంట్లోకి చేప మాత్రం తేవద్దు" అని షరతు పెట్టింది. పట్టినదాన్ని తిరిగి నీళ్ళలో వదిలేయాలనే నేనూ అనుకుంటున్నాను కనుక, ఆ షరతు నాకు భారం కాలేదు.

అప్పటికి దీవిలో పర్యాటకుల రద్దీ ముగిసిపోతుంది. అక్టోబరు నడిమి సెలవుల తరువాత అక్కడి హోటళ్ళలో, భోజనశాలల్లో చాలావరకు మూతపడతాయి. గుడారం వేసుకుందామంటే దీవిలో క్యాంపింగ్ నిషిద్ధం. అందువల్ల గది దొరికిన తరువాతే మిగతావన్నీ. వంటగది ఉన్న చిన్న అద్దె ఇల్లు ఒకటి తీసుకుని, పులిహోర, ఆవకాయ, ఫ్లాస్కులతో సహా భోజనం నేనూ, నాతో వచ్చిన మిత్రుడూ పట్టుకువెళ్ళాము. వేగంగా వెళ్ళే ఫెర్రీల్లో కార్లను ఎక్కించరు; రోడ్ ఐలాండ్ తీరంలోని పాయింట్ జూడిత్ రేవు నుంచి సుమారు గంటలో చేర్చే మామూలు ఫెర్రీలో మాత్రమే కారుకు చోటుంటుంది, అదీ ముందుగా రిజర్వు చేసుకోవాలి. దీవి ఆ చివర నుంచి ఈ చివరకు కారులో అరగంట కూడా పట్టదు కనుక కారెందుకని మొదట అనిపించవచ్చు. కానీ తడిసిన వేడర్లతో (నీళ్ళలో దిగేటప్పుడు తొడుక్కునే, నీరు చొరని దుస్తులు), పొడవాటి రాడ్లతో, అర్ధరాత్రి ఒక ఒడ్డు వదిలి మరో ఒడ్డుకు మారవలసి వస్తే కారు తప్పనిసరి.

అలా మారవలసి రావడమే నా ఏర్పాట్లన్నిటికీ మూలం. శరత్కాలంలో ఇక్కడ గాలి ఒక వరుసలో మారుతూ ఉంటుంది: చలిగాలుల ముందు నైరుతి నుంచి వీస్తుంది, అవి దాటిపోయాక వాయవ్యం నుంచి గట్టిగా కొడుతుంది, మధ్యమధ్య ఈశాన్యపు తుఫానులు వస్తాయి. దీవి పటం ముద్రించుకుని, ఏ గాలికి ఏ ఒడ్డు పనికొస్తుందో పెన్సిల్‌తో రాసుకున్నాను. నైరుతి గాలి ఒక మోస్తరుగా ఉంటే దీవి నైరుతి కొనలో రాళ్ళ చుట్టూ నీరు తెల్లగా నురగలు కక్కుతుంది. ఆ నురగలో దారి తప్పిన చిన్న చేపల కోసం బాస్ చేపలు రాళ్ళ సందుల్లోకి వస్తాయి. అదే గాలి ముదిరితే నీళ్ళన్నీ నాచుతో నిండిపోయి, వేసిన ప్రతిసారీ గాలానికి నాచే తగులుతుంది. వాయవ్యపు గాలికి మొహీగన్ బ్లఫ్స్ అడుగున ఉన్న దక్షిణ తీరం మేలు, ఎందుకంటే సుమారు 150 అడుగుల ఎత్తున్న ఆ మట్టి గట్టు వెనుక నుంచి వచ్చే గాలిని అడ్డుకుంటుంది. ఈశాన్యపు గాలికి పడమటి ఒడ్డు. ఇవేవీ కుదరని రాత్రి కోసం, దీవిలోని గ్రేట్ సాల్ట్ పాండ్ అనే ఉప్పునీటి మడుగులోకి సముద్రపు నీరు వచ్చిపోయే కాలువ ఒడ్డును అట్టిపెట్టుకున్నాను.

మొహీగన్ బ్లఫ్స్ గట్టు మీది సౌత్‌ఈస్ట్ లైట్ అనే దీపస్తంభం 1875 నాటిది. గట్టు కోసుకుపోతూ ఉండటంతో 1993లో ఆ కట్టడాన్ని మొత్తంగా లోపలికి జరిపారు. ఒకప్పటి హిమానీనదం తెచ్చి పోసిన మట్టీ బండలే ఈ దీవి; మట్టిని సముద్రం కోసుకుపోతుంటే బండలు ఒడ్డున మిగిలిపోతున్నాయి. మేము నిలబడదలచుకున్న రాళ్ళు అవే. కిందటేటి పటాన్ని నమ్ముకుని చీకట్లో దిగకూడదని అందుకే అనుకున్నాను. వెళ్ళిన రోజు పగలే, నీరు తగ్గిన వేళ, ప్రతి చోటుకూ నడిచి చూడాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఇక్కడ ఆటుకూ పోటుకూ తేడా సుమారు 3 అడుగులే. అయినా నీరు తగ్గినప్పుడు మోకాలి లోతులో నడిచి చేరిన బండ నుంచి, పోటు సగానికి వచ్చేసరికి నడుము లోతు దాటి వెనక్కి రావలసి ఉంటుంది. తిరిగి రావలసిన సమయాన్ని ప్రతి బండకూ ముందే రాసుకున్నాము. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కనుక ఆటుపోట్ల పట్టికను దానికి తగ్గట్టు సరిచూసుకోవాలి. ఇది ఎవరూ చెప్పని విషయం.

గాలి కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది దూరపు తుఫాను. ఎక్కడో వందల మైళ్ళ అవతల హరికేన్ తిరుగుతుంటే, ఇక్కడ ఎండ కాస్తూ, గాలి లేకుండా ఉన్న రోజున కూడా పొడవైన అలలు ఒడ్డుకు చేరతాయి. వాతావరణ శాఖ సూచనలో కనిపించే అల ఎత్తు ఒక్కటీ చూస్తే ఈ సంగతి తెలియదు. దీవి దగ్గర సముద్రంలో ఉన్న 44097 నంబరు బోయ్ (నీటి మీద తేలుతూ అలలను కొలిచే పరికరం) అలల ఎత్తుతో పాటు ఒక అలకూ మరో అలకూ మధ్య వ్యవధిని కూడా చెబుతుంది. 4 అడుగుల అల 6 సెకన్లకొకటి వస్తే చికాకు మాత్రమే. అదే 4 అడుగుల అల 14 సెకన్లకొకటి వస్తుంటే, బండ మీద మనిషి నిలబడలేడు. బయలుదేరడానికి వారం ముందు నుంచి రోజూ ఆ అంకెలు చూస్తూ ఉన్నాను.

సామాను గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పదిన్నర అడుగుల రాడ్, 30 పౌండ్ల బరువును తట్టుకునే అల్లిక దారం, దాని చివర ఎరకు ముందు కట్టే మందపాటి దారపు ముక్క (లీడర్), శాండ్ ఈల్‌లా సన్నగా చెక్కిన నీడిల్‌ఫిష్ చెక్క ఎరలు కొన్ని, కొక్కేలు విడదీయడానికి పట్టకారు. ప్రాణం మాత్రం బూట్ల మీద ఆధారపడి ఉంటుంది. పోటు చేరే ఎత్తున రాళ్ళ మీద నల్లగా ఒక పట్టీ కనబడుతుంది. తడిస్తే దానంత జారుడు మరొకటి లేదు, రబ్బరు అడుగుతో దాని మీద కాలు పెట్టడం ఆత్మహత్యతో సమానం. అడుగున లోహపు మేకులున్న బూట్లు కొనమంటే, భీమిలిలో పెరిగిన నా మిత్రుడు, "అన్నా, మన దగ్గర ఇసుకలో చెప్పులు కూడా లేకుండా తిరిగేవాళ్ళం, ఇక్కడ కాళ్ళకు మేకులు కొట్టించుకోవాలా?" అని నవ్వాడు. దీవిలో దిగిన మధ్యాహ్నమే, ఆ మేకులు గ్రానైట్ మీద కరకరలాడుతుంటే, అతను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నీళ్ళు వేడర్లలోకి చొరకుండా నడుముకు బిగుతైన బెల్టు, తలకు లైటు ఇద్దరికీ తప్పనిసరి చేశాను. ఒడ్డుకు దిగే దారులు పొదల మధ్య నుంచి వెళ్తాయి. లైమ్ జబ్బును మోసే జింక పేలు శరత్కాలంలో కూడా చురుకుగా ఉంటాయి కనుక, బట్టలకు పెర్‌మెత్రిన్ ముందుగానే చల్లి ఆరబెట్టాము.

రోడ్ ఐలాండ్ ఉప్పునీటి వేట లైసెన్సు ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. 2023 నుంచి ఉన్న నిబంధన ప్రకారం రోజుకు ఒక్క బాస్ చేపనే ఉంచుకోవచ్చు. దాని పొడవు 28 అంగుళాలకు తగ్గకుండా, 31 అంగుళాల లోపు ఉండాలి. సహజమైన ఎర వాడితే సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రని కొక్కెం) వాడాలి. చీకట్లో కొలత టేపు వెతుక్కోకుండా రాడ్ పిడి మీద ఆ రెండు కొలతల దగ్గర తెల్ల టేపు చుట్టుకున్నాను. చెక్క ఎరల కొక్కేలకున్న ముళ్ళను పట్టకారుతో నొక్కేశాను.

మొదటి రాత్రి నైరుతి గాలి అనుకున్నట్టే ఉంది. బండ ఎక్కే ముందు ఇరవై నిమిషాలు ఒడ్డునే నిలబడి, పెద్ద అల ఎంత ఎత్తుకు చేరుతోందో చూశాము. నేను మనసులో ఎంచుకున్న బండను రెండుసార్లు నీరు కప్పేసింది, అందుకని దాని వెనుకది ఎక్కాము. నీడిల్‌ఫిష్ ఎరకు తనంతట తాను ఊగే గుణం లేదు. రీలును ఎంత మెల్లగా తిప్పితే అంత మంచిది, తిప్పుతున్నామో లేదో అనుమానం వచ్చేంత మెల్లగా. చాలాసేపటికి గానీ ఏమీ తగల్లేదు. తగిలినప్పుడు రాడ్ ఒక్కసారిగా కిందికి వంగి, దారం రీలు నుంచి పరుగెత్తింది. అల వెనక్కి లాగుతున్నప్పుడు దారాన్ని వదులుతూ, ముందుకు తోస్తున్నప్పుడు చుట్టుకుంటూ, బండల మధ్య ఉన్న చిన్న మడుగులోకి చేపను తెచ్చాను. రాడ్ పక్కన పెట్టి చూస్తే తోక రెండో టేపు దాటి ఉంది. కింది పెదవి పట్టుకుని, నోటిలోకి నీరు వెళ్ళేలా కాసేపు నిలబెట్టాను. బలం పుంజుకున్నాక నా బొటనవేలిని గట్టిగా కరిచి, విదిలించుకుని వెళ్ళిపోయింది. మిత్రుడికి దొరికినవి రెండూ చిన్నవి.

రెండో రోజు గాలి వాయవ్యానికి తిరగడంతో పటంలో రాసుకున్నట్టే బ్లఫ్స్ అడుగుకు మారాము. అక్కడ ఒక్క చేపా తగల్లేదు. నార్త్ లైట్ అనే మరో దీపస్తంభం దగ్గర, దీవి ఉత్తరపు కొనలో రెండు వైపుల ప్రవాహాలు ఢీకొనే ఇసుక మేట మీదికి వెళ్దామని మిత్రుడు అన్నాడు. ఆ ప్రవాహంలో నీళ్ళలోకి దిగకూడదని ఇంట్లోనే రాసుకున్నాము కనుక, ఒడ్డున గులకరాళ్ళ మీద నుంచే కాసేపు వేసి వచ్చాము.

మరొక రాత్రి ఉండాలన్నది అసలు ప్రణాళిక. కానీ సాయంత్రానికి ఈశాన్యపు గాలి ముదురుతుందని సూచన వచ్చింది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు రద్దవుతాయి, సోమవారం పొద్దున్నే ఇద్దరం ఉద్యోగాలకు వెళ్ళాలి. గది అద్దె పోతే పోయిందని, ఫోన్ చేసి కారుకు ముందరి ఫెర్రీలో చోటు మార్పించుకుని మధ్యాహ్నమే బయలుదేరాము.