మూడు సూర్యుల లెక్క, ఒక డైరీ

చైనా రచయిత లియు సిషిన్ సైన్స్ ఫిక్షన్ నవల ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’లో ఊహ గొప్పది, పాత్రలు మాత్రం పల్చన. చైనీస్ పుస్తకంలో మధ్యలో ఉన్న, మావో కాలపు సాంస్కృతిక విప్లవం ఘట్టం 2014 ఇంగ్లీషు అనువాదంలో మొదట్లోకి వచ్చింది. అదే మేలు; కథలో కీలక పాత్ర యె వెన్‌జియె కసి ముందే అర్థమవుతుంది.

చిక్కల్లా ఖగోళంలోనే. నవలలో గ్రహాంతరవాసుల లోకం మూడు సూర్యుల మధ్య అస్తవ్యస్తంగా తిరుగుతుంది; అది మనకి దగ్గర్లోని నక్షత్ర వ్యవస్థ ఆల్ఫా సెంటారీలో ఉందంటాడు రచయిత. అక్కడ నిజంగానే మూడు నక్షత్రాలున్నాయి. కానీ మూడోదైన ప్రాక్సిమా మిగతా జంటకి చాలా దూరం: భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి దాదాపు 13,000 రెట్లు! అక్కణ్ణుంచి అది కక్ష్యల్ని అంతలా చెదరగొట్టలేదు. నవలలోని గందరగోళం పుట్టాలంటే మూడూ దగ్గరదగ్గరగా తిరగాలి.

సుసానా క్లార్క్ నవల ‘పిరనేసి’ (2020) పూర్తిగా వేరే దారి. అంతా కథానాయకుడి డైరీయే. మొదట్లో హాళ్ళు, విగ్రహాల వర్ణన సాగదీతలా అనిపిస్తుంది, నిజమే. అయినా ఎంట్రీల పైనున్న తేదీలు దాటెయ్యకండి. కాలాన్ని అతను ఎలా లెక్కపెడుతున్నాడో గమనిస్తే గుట్టు సగం విడిపోతుంది.