ఆదివారం, మామయ్యగారు, జార్జ్ జోన్స్

ఉదయం నుంచి ఒకటే వాన. హ్యూస్టన్‌లో ఇలా పట్టుకుందంటే ఇక ఎక్కడికీ కదలబుద్ధి కాదు. ఉతికిన బట్టలన్నీ సోఫా మీద పోసుకుని, మడతపెడుతూ వినడానికి అమెరికన్ కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ రికార్డు పెట్టాను. 1980లో వచ్చిన 'ఐ యామ్ వాట్ ఐ యామ్'. పాత సామాన్ల దుకాణంలో దొరికింది. అట్ట మూలలు నలిగాయి గానీ రికార్డు మీద ఒక్క గీత లేదు. ఈమధ్యే విజయవాడ నుంచి వచ్చిన మామయ్యగారు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

మొదటి పాట సగంలో ఉండగా తలెత్తి, "ఎవరో పోయినట్టున్నారు కదమ్మా?" అన్నారు. ఆ యాస ఆయనకి ఒక్క ముక్క కూడా అర్థం కాదు. అయినా సంగతి తెలిసిపోయింది.

కథ చెప్పాను. పాట పేరు 'హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే'. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానన్నాడొకడు. ఆమె వెళ్లిపోయింది. ఆమె ఫొటో గోడకి పెట్టుకున్నాడు. 1962 నాటి ఉత్తరాలు మంచం పక్కనే ఉంచుకుని, వాటిలో ప్రేమ మాట ఉన్న ప్రతిచోటా ఎర్రగా గీత గీసుకున్నాడు. ఇవాళ ఆ ప్రేమ ఆగిపోయింది. ఇంటి గుమ్మానికి పూలచక్రం తగిలించారు.

"మరి ఆమె వచ్చిందా?" అని అడిగారు మామయ్యగారు. సరిగ్గా అప్పుడే జోన్స్ పాడటం ఆపి మాట్లాడటం మొదలుపెట్టాడు. వచ్చింది, చివరిచూపుకి.

ఆ నాలుగు మాటల వెనుక ఉన్న కథ కూడా చెప్పకుండా ఉండలేకపోయాను. అప్పటికి జోన్స్ తాగుడులోనూ కొకైన్‌లోనూ నిండా మునిగి ఉన్నాడు. భార్య, గాయని టామీ వైనెట్‌తో 1975లోనే విడాకులయ్యాయి. బాబీ బ్రాడాక్, కర్లీ పట్మన్ రాసిన ఈ పాట అతనికి నచ్చనే లేదు. ఇంత ఏడుపు పాట ఎవరు కొంటారన్నాడు. బాణీ కూడా పట్టుబడక, మాటిమాటికీ క్రిస్ క్రిస్టాఫర్సన్ పాట ఒకదానిలోకి జారిపోయేవాడు. పాడితే గొంతు నిలిచేది, మాట్లాడితే మాత్రం నాలుక మడతపడేది. మొదటి చరణానికీ ఈ మాటలకీ మధ్య 18 నెలలు పట్టిందని నిర్మాత బిల్లీ షెరిల్ చెప్పాడు. షెరిల్ వయొలిన్ల హోరు మామూలుగా నాకు గిట్టదు. ఇక్కడ మాత్రం ఆ మాటల వెనకాల మిల్లీ కర్‌ఖమ్ గొంతు సన్నగా సాగుతుంటే ఒప్పుకోక తప్పదు.

అందరూ ఈ ఒక్క పాట విని రికార్డు పక్కన పెట్టేస్తారు. నాకదే బాధ. ప్రేమించినవాడు మొదటి పాటలోనే చనిపోయాడు. మిగిలిన తొమ్మిది పాటలూ చావక మిగిలిపోయినవాళ్లవి. రెండో పాటలో ఒకడు ఐదేళ్లలో ఇరవై ఏళ్ల ముసలితనం మీద పడిందంటాడు. 'ఇఫ్ డ్రింకిన్ డోంట్ కిల్ మీ'లో ఇంకొకడు తెల్లవారుజామున నాలుగింటికి బార్లన్నీ మూసేశాక ఇల్లు చేరి, స్టీరింగ్ మీద తల వాల్చేస్తాడు. హారన్ మోగిపోతుంది. వీడు మళ్లీ తాగి వచ్చాడని వీధంతటికీ తెలిసిపోతుంది. మామయ్యగారికి ఇది చెబితే నవ్వలేదు. "మా వీధిలోనూ ఉండేవాడమ్మా ఒకడు. స్కూటర్ హారన్," అన్నారు.

ఈ పాటల్లో జోన్స్ గొంతు పెంచి ఏడవడు. పళ్లు బిగించి, నోరు సగమే తెరిచి పాడతాడు. ఒక్క అచ్చు మీదే కిందినుంచి పైకి పాకి, అక్కడ ఓ క్షణం ఆగి, ఛాతీలోకి దిగిపోతాడు. మరో కంట్రీ గాయకుడు లెఫ్టీ ఫ్రిజెల్ దగ్గర నేర్చుకున్న విద్యే గానీ, ఇతని దగ్గర దానికి బరువు పెరిగింది. స్టీల్ గిటార్ కూడా అదే దారిన జారుతూ జవాబిస్తుంది. తూర్పు టెక్సస్‌లో చమురు కార్మికులు తాగే హాళ్లలో పెరిగిన సంగీతం ఇది. ఆ గోలలో వినబడటానికే గిటార్లకి కరెంటు వచ్చింది. అలాంటి చోట పాడి పాడి రాటుదేలినవాడు 48 ఏళ్ల వయసులో ఇంత నెమ్మదిగా పాడాడంటే, అది చేతకాక కాదు. ఆ నెమ్మది ముందు నాకు ఎంత పెద్ద గొంతూ ఆనదు.

రెండో వైపు తిప్పేసరికి చిక్కుడుకాయలు అయిపోయాయి. మామయ్యగారు లేవలేదు. "తర్వాతైనా మానేశాడా?" అన్నారు.

1999లో కారు ప్రమాదం జరిగి చావు తప్పి బయటపడ్డాక మానేశాడనీ, 2013 దాకా, 81 ఏళ్లు బతికాడనీ చెప్పాను. ఆయనకి అది చాలా నచ్చింది. మధ్యాహ్నం ఆడపడుచు ఫోను చేస్తే పాట సంగతి వదిలేసి ముందు అదే చెప్పారు.

జోన్స్ చిన్నప్పుడు చిల్లర డబ్బుల కోసం పాడింది బ్యూమాంట్ వీధుల్లోనే. ఇక్కడి నుంచి గంటన్నర దారి. వచ్చే ఆదివారం వాన లేకపోతే తీసుకెళ్తానన్నాను. పులిహోర కలుపుకుని వెళ్దామని అప్పుడే నిర్ణయించేశారు.