చెర్వుగట్టు జాతర

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా దగ్గర పద్దెనిమిదేళ్లు గుమాస్తాగా చేశాను. లారీ నంబరు చూస్తే చాలు, పోయిన యాసంగిలో ఎన్ని బస్తాలు తెచ్చిందో, తేమకు ఎంత తరుగు తీశామో చెప్పేవాణ్ని. "నీకు కితాబెందుకు, నీ తలకాయే కితాబు" అనేవాడు మా సేటు. తాగుడు గురించి ఇంట్లో ఎవరేమన్నా ఆ మాటే అడ్డం పెట్టేవాణ్ని. ఇంత లెక్క గుర్తుండేటోన్ని తాగుబోతంటారా?

మొదట్లో రాత్రి ఒక క్వార్టర్. ఆఖరి రెండేళ్లు పళ్లు తోమకముందే. మందు పెరిగినకొద్దీ తిండి తగ్గింది. పిడికెడు పల్లీలు, ఒక గుడ్డు. టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగిపోయేది. రాత్రి మాట్లాడింది పొద్దున గుర్తుండకపోవడం అప్పటికే మామూలు. దాన్ని నిద్ర అనుకున్నాను.

ఒక వానకాలం వడ్లు దిగుతున్న రోజుల్లో వారం పాటు వాంతులు. అన్నం లేదు, మందు మాత్రం ఉంది. తర్వాత కాంటా మీది అంకెలు రెండేసి కనబడ్డాయి. కాళ్లు ఎడంగా పెడితే తప్ప నిలబడలేకపోయాను. ఆ పొద్దు చుక్క ముట్టలేదు, అయినా హమాలీలు "అన్నకు ఇంకా దిగలే" అని నవ్వారు. ఆర్ఎంపీ నీరసమని గ్లూకోజు బాటిల్ ఎక్కించాడు. సాయంత్రానికి మా ఇంటామెను "ఎవరమ్మా నువ్వు?" అని అడిగానట.

నల్లగొండ ఆసుపత్రిలో డాక్టరమ్మ తన వేలిని పక్కకు జరుపుతూ చూడమంది. నా కళ్లు వేలి వెంట పోక వణికాయట. వెంటనే నరానికి బి1 విటమిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. గ్లూకోజు కంటే ముందు పడాల్సింది అదే. ఒంట్లో బి1 అడుగంటినప్పుడు చక్కెర ఎక్కితే, మిగిలిన కాస్తా దాన్ని అరిగించడానికే అయిపోతుంది. మూడో రాత్రి వార్డులోకి లారీలు రివర్సులో వస్తున్నాయని మంచం కింద దూరానట. అది తాగుడు ఒక్కసారిగా ఆగినందుకు.

కళ్లు వారంలో సర్దుకున్నాయి. నడకకు రెండు నెలలు పట్టింది.

"నిన్న ఏం చేసిన్రు?" అని డాక్టరమ్మ అడిగితే, "మా అన్నతోని చెర్వుగట్టు జాతరకు పోయొచ్చిన. గట్టు దిగంగ పేలాలు కొన్నం" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు. రాతి మెట్ల వేడి అరికాళ్లకు ఇంకా తగులుతూనే ఉంది. మా ఇంటామె మెల్లగా "బావ పోయి నాలుగేండ్లాయె గదయ్యా" అంది. అప్పుడే విన్నట్టు గుండె బాదుకుని ఏడ్చాను. మరునాడూ అంతే. మూడోనాడూ అంతే. నాలుగోనాడు అన్న ఏడీ అంటే, "పొలంకాడ ఉన్నడు" అంది.

ఖాళీ పడ్డ చోట మెదడు పాత ముక్కలు తెచ్చి అతుకుతుందట. కోర్సకాఫ్ అనే రష్యా డాక్టరు 1887లోనే ఈ మతిమరుపు గురించి రాశాడు. కళ్లు, నడక, మతి చెదిరే మొదటి దశను 1881లో వెర్నికే అనే జర్మనీ డాక్టరు రాశాడు. తాగుడు బి1ను పేగుల్లో సరిగ్గా పీల్చనివ్వదు, నేనా తిన్నదే లేదు. దాంతో మెదడు లోతున కొత్త సంగతులను నిలిపే చోట్లు దెబ్బతిన్నాయి.

"ఆ బి1 దేంట్ల ఉంటదమ్మా?" అని అడిగాను.

"మీ మిల్లుల బియ్యానికి పాలిష్ పడితే పోతది సూడు, ఆ తవుడుల."

నూనె మిల్లులకు పోయే తవుడు లారీలకు అన్నేళ్లూ రసీదులు రాసింది నేనే.

మందు మాని రెండేళ్లు దాటింది, మధ్యలో ఒక దసరా తప్ప. ఆ దసరాను లెక్కలోంచి తీసేయనివ్వడు మా కొడుకు. మొదటి ఏడాది మతి కొంత తిరిగొచ్చింది, తర్వాత అక్కడే ఆగింది. పాత లారీ నంబర్లు ఇప్పటికీ చెబుతాను, ఇవాళ వచ్చినవి చెప్పలేను. సేటు కాంటాను ఇంకొకరికి ఇచ్చి, నన్ను బస్తాలు కుట్టే దగ్గర కూర్చోబెట్టాడు. జేబులో చిన్న పుస్తకం ఉంటుంది. గోలీ వేసుకున్నానా, అన్నం తిన్నానా, ఎవరికేం చెప్పాను, అన్నీ అందులోనే. మొదటి పేజీలో కొడుకు చేతిరాత: "పెదనాయన లేడు."

ఈ మాఘంలో నిజంగానే అందరం చెర్వుగట్టు పోయామట. నేను మెట్లెక్కానట, పుస్తకంలో నా రాతే ఉంది. ఆ రోజు ఎంత తవ్వుకున్నా దొరకడం లేదు. అన్నతో పోయింది మాత్రం, పేలాల పొట్లంతో సహా, ఉంది.